ఇన్‌వర్డ్ ముద్ర, ఎదురెదురు కుర్చీలు

మండపేటలో రాత్రి తొమ్మిదిన్నర దాటితే బట్టల కొట్ల షట్టర్లు ఒక్కొక్కటే దిగుతాయి. పొద్దుటి నుంచీ నిలబడి చీరల మడతలు విప్పి చూపించిన అమ్మాయిలు క్యారేజీ సంచులు పట్టుకుని షేర్ ఆటోల కోసం రోడ్డు మీదికొస్తారు. తాపేశ్వరం వెళ్లేవాళ్లు కొందరు, ద్వారపూడి వైపు కొందరు, ఏడిద, అర్తమూరు వెళ్లేవాళ్లు కొందరు. ఒక రాత్రి అక్కడే ఒక కొట్టు యజమాని తాళం వేసేశాక కూడా కదలకుండా నిలబడి ఉండటం చూశాను. తన దగ్గర పనిచేసే పిల్ల ఆటో ఎక్కాక, ఆ ఆటో నంబరును ఫోన్‌లో ఫొటో తీసుకుని, "ఇంటికెళ్లాక ఓ మిస్డ్ కాల్ ఇయ్యమ్మా" అన్నాడు. "అలాగేనండి" అందా పిల్ల.

ఆయన్ని ఆ పని చెయ్యమని ఏ చట్టమూ చెప్పలేదు. రేపు ఆయన ఊళ్లో లేకపోతే ఆ పని చేసే మనిషీ లేడు. రాత్రి భద్రత అనే మాట వినబడినప్పుడల్లా నాకు ఈ రెండు సంగతులూ జంటగా గుర్తొస్తాయి. పోలీసు ఒక్కడే రాత్రిని కాయలేడు. వ్యాపారి మంచితనం ఒక్కటే కూడా కాయలేదు. ఆ ఇద్దరూ కలిసి పనిచేయడమంటే ఏమిటో తెలుసుకోవడానికి తెలుగునేల మీది రెండు ఉదాహరణలను పక్కపక్కన పెట్టి చూస్తాను. ఒకటి 2006లో మొదలైన సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్. రెండోది 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర జరిగిన తొక్కిసలాట. ఒకటి సంస్థ, మరొకటి దుర్ఘటన. అయినా రెండింటినీ అడగాల్సిన ప్రశ్న ఒకటే: రాత్రిపూట జనాన్ని రప్పించుకునే వ్యాపారీ, ఆ జనాన్ని కాపాడవలసిన పోలీసూ ఏ సమయంలో మాట్లాడుకున్నారు?

సైబరాబాద్‌లో ముందే మాట్లాడుకున్నారు. ఐటీ కంపెనీలూ పోలీసులూ కలిసి పెట్టుకున్న సంస్థ అది. షిఫ్టులు అర్ధరాత్రి ముగిసే ప్రాంతంలో ఉద్యోగి గేటు దాటగానే కంపెనీ బాధ్యత తీరిపోతుందంటే కుదరదన్న ఎరుక దానికి పునాది. అలాగని ఆ సంస్థ ఉన్నందువల్ల అన్నీ సవ్యంగా జరిగిపోయాయని చెప్పను. అది పుట్టిన ఏడేళ్లకు, 2013 అక్టోబరులో, హైటెక్ సిటీ ప్రాంతంలో క్యాబ్ ఎక్కిన యువ ఉద్యోగినిని అపహరించి అత్యాచారం చేశారు. అభయ కేసుగా మనకు గుర్తున్నది అదే. అధికారులూ కంపెనీలవాళ్లూ కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు అప్పటికే ఉంది. ఆమె నిలబడ్డ చోటికి రావలసిన బండి మాత్రం లేదు. మరుసటి ఏడాది, 2014 అక్టోబరు 24న, మహిళల భద్రత కోసం పోలీసుల షీ టీమ్స్ వచ్చాయి. 2015లో ఈ కౌన్సిల్ ఐటీ కారిడార్‌లో మహిళల కోసం ఉచితంగా షీ షటిల్ బస్సులు నడపడం మొదలుపెట్టింది. ఆపదలో ఉన్న సహోద్యోగికి దారి చూపేలా కంపెనీల్లోని ఉద్యోగినులకే శిక్షణ ఇచ్చే 'మార్గదర్శక్' కూడా దాని పనే. తప్పు జరిగాక కూర్చుని మాట్లాడుకోవడానికి చోటు ఉంది కాబట్టే ఆ మాటలు బస్సు దాకా వెళ్లాయి. నేను ఆ సంస్థకు ఇచ్చే మార్కులు ఇందుకే.

ఇప్పుడు సంధ్య థియేటర్ సంగతి. 'పుష్ప 2' ప్రీమియర్ షోకు హీరో వస్తున్నాడు. బందోబస్తు కావాలని డిసెంబరు 2 తేదీతో ఉత్తరం ఇచ్చామని థియేటర్ యాజమాన్యం చెప్పింది. ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తుంటాయని, ఇన్‌వర్డ్‌లో ఇచ్చి వెళ్లారే తప్ప అధికారులెవరినీ కలవలేదని పోలీసులు చెప్పారు. ఆ రాత్రి తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు ప్రాణాపాయ స్థితిలో ఆసుపత్రి పాలయ్యాడు. ఎవరిది ఎంత తప్పో తేల్చవలసింది న్యాయస్థానాలు, ఆ పని నాది కాదు. రెండు పక్షాల మాటలూ ఉన్నవున్నట్టు నమ్మినా మిగిలేదేమిటన్నదే నా ప్రశ్న. ఒక కాగితం, దాని మీద ఒక ముద్ర. ముద్ర పడగానే ఇచ్చినవాడు తన పని అయిపోయిందనుకుంటాడు. ఆ కాగితం తీసుకున్న ఆఫీసులో అది బోలెడన్నింటిలో ఒకటి. ఏ గేటు తెరవాలి, ఏది మూయాలి, పిల్లలతో వచ్చినవాళ్లను ఎటు పంపాలి, జనం కిక్కిరిస్తే 'ఇక చాలు' అనే అధికారం ఎవరిది? ఈ ప్రశ్నలు ఉత్తరంలో పట్టవు. ఎదురెదురు కుర్చీలు వేసుకుని, థియేటర్ నక్షా మధ్యన పరుచుకుని మాట్లాడితేనే తేలతాయి.

ఈ రెండింటి మధ్య చట్టం కూడా ఉంది. 2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు జరిగాయి. అదే ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రతా చర్యల అమలు చట్టం వచ్చింది. జనం గుమిగూడే వ్యాపార సంస్థలన్నీ సీసీ కెమెరాలు పెట్టుకోవాలి, దృశ్యాలు భద్రపరచాలి, పోలీసులు అడిగితే ఇవ్వాలి. మంచి చట్టమే. దొంగను పట్టడానికి, కోర్టులో సాక్ష్యానికి కెమెరా విలువ తక్కువదేం కాదు. కానీ అది జరిగినదాన్ని చూపిస్తుంది, జరగబోయేదాన్ని ఆపదు. ఈ చట్టం వ్యాపారిని అడిగేది అతని గోడ మీద ఒక కెమెరా మాత్రమే. ఆ గోడ కింద కూర్చున్న మనిషి కళ్లను అది అడగలేదు. రాత్రి వీధిలో ఎవరు రోజూ వచ్చేవాళ్లో ఎవరు కొత్తో బడ్డీకొట్టు మనిషికి తెలిసినంతగా ఏ కెమెరాకు తెలుస్తుంది?

మనకు బాగా అలవాటైన మరో మందు మూసెయ్యడం. సంధ్య ఘటన తర్వాత ఇక బెనిఫిట్ షోలకు అనుమతి లేదని తెలంగాణ ముఖ్యమంత్రి శాసనసభలో ప్రకటించారు. కొన్నిచోట్ల మూసెయ్యడం న్యాయమే. ఇరుగుపొరుగు నిద్రకూ హక్కుంది. అయితే షట్టరు దిగితే దాని ముందున్న దీపమూ ఆరిపోతుంది, ఆ దీపం కింద నిలబడే మనిషీ వెళ్లిపోతాడు. దీపం ఉంటే చాలనీ అనలేం. 2019 నవంబరు 27న శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌ప్లాజా పరిసరాల్లో 'దిశ' అని మనం పిలుచుకున్న యువతికి జరిగిన ఘోరం మనం మరిచిపోలేదు. డబ్బు వసూలు చేసే చోటు, రాత్రంతా మనుషులు మెలకువగా ఉండే చోటు. అక్కడ ఒంటరిగా నిలబడ్డ ఆడపిల్లను పలకరించడం ఎవరి డ్యూటీలోనూ లేదు. వెలుగు ఉండాలి, ఆ వెలుగులో ఉన్నవాళ్లకు ఒక బాధ్యత అప్పగించి ఉండాలి.

ఆ బాధ్యతను ఇంగ్లండ్‌లో చిన్న మాటతో అప్పగించారు. 2016లో లింకన్‌షైర్‌లో మొదలైన ప్రచారం ప్రకారం, బార్‌లో భయమేసిన అమ్మాయి కౌంటర్ దగ్గరికెళ్లి "ఏంజెలా ఉందా?" అని అడిగితే చాలు. అక్కడి ఉద్యోగి విషయం గ్రహించి ఆమెను పక్కకు తీసుకెళ్లి బండి ఎక్కిస్తాడు. అంతకుముందే, 2003లో, మాంచెస్టర్‌లో మొదలైన 'బెస్ట్ బార్ నన్' పథకం జాగ్రత్తలు పాటించే బార్లకు గుర్తింపు ఇస్తుంది. అక్కడ వ్యాపారి పేరు పోలీసుల జాబితాలోకి ఎక్కేది మంచి పని చేసినందుకు. మన దగ్గర ఆ జాబితాలో పేరు ఉందంటే వ్యాపారి ఇంట్లోవాళ్లు కంగారుపడతారు. ఈ తేడా చిన్నది కాదు.

సైబరాబాద్ నమూనాలో నాకు నచ్చనిదీ చెప్పాలి. అందులో కూర్చున్నవి కంపెనీలు. మెడలో ఐడీ కార్డు ఉన్నవాళ్ల రాత్రి గురించి అది ముందుగా ఆలోచించింది. అదే భవనంలో అర్ధరాత్రి గచ్చు తుడిచే ఆమె, బయట ఇడ్లీ బండి పెట్టుకున్న ఆయన అక్కడ సభ్యులు కారు. డబ్బున్నచోట పుట్టిన భాగస్వామ్యం ఆ డబ్బు వెళ్లిన దారిలోనే నడుస్తుంది. దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి చిన్న ఊళ్లో పెడితే నాలుగు పెద్ద షోరూములకు కాపలా అవుతుంది తప్ప ఊరికి భద్రత కాదు.

అందుకే మండపేట తీసుకోవలసింది ఆ సంస్థ రూపాన్ని కాదు, దాని కీలకాన్ని: ఒక్క కొట్టు చేయలేని పని వీధి మొత్తం కలిస్తే చేయగలదు. మన ఊరి రాత్రిలో పబ్బులు లేవు. సెకండ్ షో ఉంది, టిఫిన్ బండ్లు ఉన్నాయి, మందుల షాపులు, రైస్ మిల్లుల ముందు లారీలు, కాలవగట్టు రోడ్లు, సంక్రాంతి జనసందోహం ఉన్నాయి. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మహిళలు రాత్రి షిఫ్టుల్లో పనిచేయడానికి వీలు కల్పించింది. వాళ్ల సమ్మతి తీసుకోవాలని, రవాణా, భద్రత ఏర్పాటు చేయాలని షరతులు పెట్టింది. పెద్ద ఫ్యాక్టరీ బస్సు పెట్టగలదు, ఇద్దరు అమ్మాయిల్ని పనిలో పెట్టుకున్న కొట్టు ఏం పెట్టగలదు? 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో స్త్రీశక్తి ఉచిత ప్రయాణం ఉంది. ఆఖరి బస్సు వెళ్లిపోయాక ఆ ఉచితం అక్కరకు రాదు. అదే ముప్పై కొట్లు కలిస్తే రెండు ఆటోలు మాట్లాడుకోవచ్చు.

పురపాలక కమిషనర్, టౌన్ స్టేషన్ అధికారి, వర్తక సంఘం, థియేటర్ల వాళ్లు, ఆటో యూనియన్, టిఫిన్ బండ్ల వాళ్లు, సచివాలయ మహిళా పోలీసులు నెలకోసారి గంటసేపు కూర్చోవాలి. ఏ స్తంభం మీద దీపం వెలగడం లేదో ఆ నెలలో ఎవరికి భయమేసిందో చెప్పుకోవాలి, చెప్పినదాన్ని రాసుకోవాలి. పెద్ద సినిమా విడుదలకు ముందు, పండగకు ముందు ఇంకోసారి కలవాలి. కొట్లలో పనిచేసే అమ్మాయిలకు ఆ గదిలో రెండు కుర్చీలు తప్పకుండా ఉండాలి. రాత్రి ఇంటికి నడిచేది వాళ్లే కాబట్టి, వాళ్లు లేకుండా జరిగే మాటలన్నీ ఊహలే.

ఆ యజమాని ఫోన్‌లో ఉన్న ఆటో నంబరు టౌన్ స్టేషన్ పుస్తకంలో కూడా ఉండాలి. ఆయన పెళ్లికని ఊరెళ్లిన రాత్రి కూడా, ఆ పిల్ల ఏడిద చేరిందా లేదా అని అడిగే మనిషి ఒకరు మండపేటలో మేలుకుని ఉండాలి.