పాత్రకు యాస, కథకుడికి శిష్టభాష

నందికొట్కూరు వీధిలో ‘యాడికి పోతాండావు?’ అని పలకరించే మనం కలం పట్టగానే ‘ఎక్కడికి వెళ్తున్నావు?’ అంటాం. సీమ కథలు చాలావాటిలో మాండలికం కూలివాని సంభాషణకే పరిమితం. కథనం మాత్రం కోస్తా శిష్టవ్యవహారం. నా కథలూ ఇందుకు మినహాయింపు కావు. శ్రామికుడికి బాధ చెప్పుకునే భాష ఇచ్చి, ఆలోచించే భాషను మన దగ్గరే ఉంచుకున్నాం. ఇది వర్గదృష్టిలోని లోపమే.

స్పానిష్‌కూ ఇలాంటి భేదాలున్నాయి. ‘నువ్వు’ను స్పెయిన్‌లో ‘తూ’ అంటే అర్జెంటీనాలో ‘వోస్’ అంటారు. అక్కడి రచయితలు ఆ ‘వోస్’నే సాహిత్యంలో నిలబెట్టారు. మన దగ్గర నామిని ‘పచ్చనాకు సాక్షిగా’లో కథనాన్నే చిత్తూరు పలుకుబడిలో నడిపారు. మాండలికం పాత్రకు అలంకారంగా కాక కథకుడి చూపుగా మారినప్పుడే మన సాహిత్యం ప్రజలదవుతుంది.