వసూలు కూడా పనే

ఉద్యోగం మానేసి సొంతంగా ఏదైనా పెట్టుకోవాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది పెట్టుబడి ఎంత అని. ఆ తర్వాత లైసెన్సులు, మార్కెటింగ్. వసూళ్ల సంగతి ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీ వదిలి పల్లీనూనె గానుగ పెట్టాక నేను నేర్చుకున్నవాటిలో పెద్దది ఏదంటే అదే చెబుతాను. మనకు రావలసిన డబ్బు మనం అడిగి తెచ్చుకోవడం.

నెలజీతం మీద బతికేవాళ్లకు ఈ విద్యతో పనిపడదు. నెలాఖరుకు ఫోన్‌లో మెసేజ్ మోగుతుంది. కోట్ల రూపాయల ప్రాజెక్టు చూసే మేనేజరైనా క్లయింటుకు ఫోన్ చేసి మా డబ్బేదీ అని అడిగి ఎరగడు. బిల్లు పంపేది ఒక విభాగం, వెంటపడేది ఇంకో విభాగం. దానికితోడు మన మధ్యతరగతి ఇళ్లలో డబ్బు అడగడం నామోషీ అని చిన్నప్పటినుంచే నూరిపోస్తారు. చుట్టాలకిచ్చిన చేబదులు గుర్తుచేస్తే మర్యాద తెలియనివాడంటారు. నడివయసులో వ్యాపారంలోకి దిగేసరికి ఈ రెండూ కలిసి నోరు కట్టేస్తాయి.

గానుగ లెక్క చెబితే ఇదెంత పెద్ద విషయమో తెలుస్తుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు యాసంగి పల్లీ జనవరి నుంచి మార్చి దాకా మార్కెట్ యార్డుకు వస్తుంది. ఏడాదికి సరిపడా సరుకు ఆ రెండు మూడు నెలల్లోనే కొనిపెట్టుకోవాలి. రైతుకు డబ్బు అప్పటికప్పుడు ఇవ్వాలి. అది న్యాయం కూడా, ఆయన విత్తనానికీ ఎరువుకూ అప్పు తెచ్చి ఉంటాడు. క్వింటాలు కాయ కొట్టిస్తే గింజ అరవై అయిదు, డెబ్బై కిలోలు వస్తుంది. గానుగలో రెండున్నర కిలోల గింజకు దాదాపు లీటరు నూనె. దాన్ని డ్రమ్ముల్లో కొన్నాళ్లు తేరనిచ్చి, వడకట్టి, సీసాలకెత్తి దుకాణానికి చేరుస్తాం. సూపర్ మార్కెట్టు వాళ్లు అరవై రోజులకు ఇస్తామంటారు. అంటే ఫిబ్రవరిలో రైతు చేతిలో పెట్టిన రూపాయి, ఆగస్టులో అమ్మిన సీసాతో, ఏ అక్టోబరులోనో తిరిగొస్తుంది. ఈలోగా జీఎస్టీ ఆగదు. మాలా నెలనెలా రిటర్ను వేసేవాళ్లు బిల్లు రాసిన మరుసటి నెల 20వ తేదీకల్లా పన్ను కట్టెయ్యాలి. ఆ బిల్లు డబ్బు చేతికందిందా లేదా అన్నది ఎవరూ అడగరు. పుస్తకంలో లాభం కనిపిస్తూనే ఉంటుంది, కరెంటు బిల్లు కట్టడానికి మాత్రం చేతిలో డబ్బుండదు.

అలాంటి నెలల్లో మమ్మల్ని నిలబెట్టింది, నూనె తీశాక మిగిలే చెక్క. గానుగ చెక్కలో నూనె కాస్త ఎక్కువ మిగులుతుంది గనుక పాడిరైతులు ఇష్టపడి కొంటారు, సంచి బండికెక్కకముందే డబ్బిచ్చేస్తారు. ఏసీ సూపర్ మార్కెట్టుకు అరవై రోజులు కావాలి, నాలుగు గేదెలున్న మనిషికి ఒక్కరోజు అప్పు అక్కర్లేదు. ఈ తేడా తలచుకున్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

చట్టం చిన్నవాళ్ల పక్షానే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు తీసుకున్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువులోగా చెల్లించాలి, ఆ గడువు 45 రోజులు మించకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపన్ను నిబంధన కూడా తోడైంది. గడువు దాటినా కట్టని బాకీని కొన్నవాళ్లు, కట్టిన ఏడాదిలో తప్ప ఖర్చుగా చూపుకోవడానికి లేదు. అయినా ఫిర్యాదు చేయాలంటే చిన్నవాళ్లు జంకుతారు, మళ్లీ ఆర్డరు రాదేమోనని. నేను ఈ చట్టాన్ని సరుకు దించాక బయటికి తీయను. బేరం కుదరకముందే, మొదటి మాటల్లోనే 45 రోజుల సంగతి ఎత్తుతాను. చిన్న సంస్థగా నమోదైనట్టు చూపే ఉద్యమ్ నంబరు ప్రతి బిల్లు మీదా వేస్తాను.

అడిగే తీరు మాత్రం హైదరాబాద్ బేగంబజారులో నేర్చుకున్నాను. తరతరాలుగా నూనెల టోకు వ్యాపారం చేస్తున్న ఒక పెద్దాయన చెప్పిన మొదటి మాట, “వసూలు ఫోన్ నువ్వే చెయ్యి బాబూ. గుమాస్తాతో చేయిస్తే వాళ్లూ గుమాస్తాతోనే జవాబు చెప్పిస్తారు.” గడువు తీరాక కాదు, నాలుగు రోజుల ముందే ఆయన ఫోన్ చేస్తాడు. సరుకెలా ఉంది, సీసాలు కారలేదు కదా అని అడుగుతాడు. తర్వాత బిల్లు నంబరు, మొత్తం, తేదీ. ఎప్పుడిస్తారు అనడు. మంగళవారం మనిషిని పంపనా అంటాడు. అవతలివాళ్లు బుధవారం అంటే, ఆ బుధవారం పొద్దున్నే మళ్లీ ఫోన్. గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు.

నా పాత ఉద్యోగం అక్కరకొచ్చింది కూడా ఇక్కడే. ఈ నగరంలో ఉద్యోగం విడిచి పరిశ్రమలు పెట్టడం కొత్త కాదు. ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. అలాంటివాళ్లు ఉద్యోగం నుంచి రసాయనశాస్త్రం వెంట తెచ్చుకున్నారు. నేను తెచ్చుకున్నది, పెద్ద ఆఫీసులో కాగితం ఎక్కడెక్కడ ఆగుతుందో తెలిసిన అనుభవం. ఆగిన బిల్లుల్లో చాలావాటికి ఎవరి దుర్బుద్ధీ కారణం కాదు. పర్చేజ్ ఆర్డరు నంబరు తప్పు పడి ఉంటుంది, లేదా గోడౌనులో సరుకు ముట్టినట్టు ఎంట్రీ పడి ఉండదు. అందుకే డైరెక్టరు నంబరు కన్నా అకౌంట్స్‌లో బిల్లు పాస్ చేసే అమ్మాయి నంబరు నాకు ముఖ్యం. ఆమెకు కావలసిన కాగితాలన్నీ ఒకేసారి పంపిస్తాను.

నామోషీ ఎలా పోయిందంటే, నేను అడగకుండా ఊరుకున్న డబ్బు ఎవరి జేబులోంచి పోతుందో చూశాక పోయింది. సూపర్ మార్కెట్టు వాళ్లు ఆలస్యం చేస్తే గానుగ దగ్గర రోజంతా నిలబడే మనిషికి జీతం ఆలస్యమవుతుంది. యార్డులో రైతును రేపు రండి అనాల్సొస్తుంది. నా మొహమాటానికి వాళ్లెందుకు డబ్బు కట్టాలి? ఎన్నిసార్లు చెప్పినా గడువు పాటించని ఒక సూపర్ మార్కెట్ల సంస్థకు సరుకు ఆపేశాం. అమ్మకం తగ్గింది. జీతాలు మాత్రం ఒకటో తేదీకి అందుతున్నాయి.

రాజీనామా పెట్టబోయేవాళ్లకు నేనొకటి చెబుతాను. కొన్ని శని, ఆదివారాలు మీ సరుకు ఏదైనా స్నేహితులకూ చుట్టాలకూ అమ్మి చూడండి. బాగుంది అనేవాళ్లు చాలామందే ఉంటారు, దాన్నిబట్టి ఏమీ తేల్చుకోకండి. డబ్బు తర్వాత ఇస్తానన్న పిన్నికి పదిరోజులయ్యాక ఫోన్ చేసి, ఆమె మనసు కష్టపెట్టకుండా అడిగి తెచ్చుకోగలిగారా లేదా అన్నది చూసుకోండి. తెచ్చుకోగలిగితే అప్పుడు పెట్టుబడి ఎంతో మాట్లాడుకుందాం.