హై స్పీడ్ షాట్‌కు ముందు చేయాల్సిన పని

రేపల్లె దగ్గర పెనుమూడి రేవులో జాలరి వల విసిరితే, అది గాలిలో విచ్చుకుని కృష్ణ నీళ్ళలో పడడానికి ఒక్క సెకను పడుతుంది, అంతే. భుజం మీది వల మెలి తిరుగుతూ తెరుచుకోవడం, అంచున కట్టిన గుండ్లు దాన్ని నలువైపులా లాగడం, తడి దారాల నుంచి నీటిచుక్కలు విడిపోవడం కంటికి అందవు. దాన్నే సెకనుకు 1000 ఫ్రేముల చొప్పున తీసి, సినిమా నడిచే 24 ఫ్రేముల వేగంతో చూపిస్తే తెర మీద దాదాపు 42 సెకన్లు సాగుతుంది. హై స్పీడ్ ఛాయాగ్రహణం విలువ అక్కడుంది. జరిగినదాన్నే, మనం చూడలేకపోయినదాన్ని అది చూపిస్తుంది.

కెమెరా పనితనం ఈ గడ్డకు కొత్త కాదు. మార్కస్ బార్ట్లే కెమెరా మాయలతో తరాలను మురిపించిన 1957 నాటి ‘మాయాబజార్’ నిర్మాతల్లో ఒకరైన చక్రపాణిది తెనాలి. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ను 1974లో, తొలి 70 ఎం.ఎం. చిత్రం ‘సింహాసనం’ను 1986లో తెచ్చిన నటుడు కృష్ణది తెనాలి పక్కనే ఉన్న బుర్రిపాలెం.

ఫిల్మ్ రోజుల్లో స్లో మోషన్ అంటే డబ్బు కళ్ళ ముందే ఖర్చయిపోయేది. ఆరీఫ్లెక్స్ 435 కెమెరాను 150 ఫ్రేముల వేగంతో తిప్పితే 400 అడుగుల రీలు 43 సెకన్లలో ఖాళీ. అందుకే పాత కెమెరామన్లు మీటరు చూసి, లైటు సరిచేసి, రెండు మూడు రిహార్సల్స్ అయ్యాకే ‘రోల్’ అనేవాళ్ళు. డిజిటల్ వచ్చాక రీలు ఖర్చు పోయింది, దాంతోపాటు ఆ ఓపిక కూడా చాలా చోట్ల పోయింది. ఈ పనికి ఇప్పటికీ కావలసింది మాత్రం ఆ ఓపికే.

సినిమాల్లో పేరున్న ఫాంటమ్ ఫ్లెక్స్ 4కె కెమెరానే తీసుకోండి. 4కె నాణ్యతలో సెకనుకు 1000 ఫ్రేముల దాకా తీస్తుంది. ఆన్ చేసిన వెంటనే షాట్‌కు వెళ్ళకూడదు. కాసేపు వేడెక్కనివ్వాలి. తర్వాత సెన్సార్‌కు చీకటి చూపించి బ్లాక్ బ్యాలెన్స్ చేయించాలి. ఫ్రేముల వేగం మార్చినా, షట్టర్ మార్చినా, ఎండ ముదిరి కెమెరా వేడెక్కినా మళ్ళీ చేయించాలి. ఇది మానేస్తే నల్లటి భాగాల్లో గీతలు, చుక్కలు తేలతాయి. చిన్న మానిటర్‌లో అవి కనపడవు, పెద్ద తెర మీద దాగవు.

అసలు కష్టం వెలుతురుతోనే. 24 ఫ్రేముల దగ్గర షట్టర్ సెకనులో 48వ వంతు తెరుచుకుంటే, 1000 ఫ్రేముల దగ్గర 2000వ వంతే తెరుచుకుంటుంది. అంటే అదే ఎక్స్‌పోజర్ కావాలంటే 40 రెట్లకు పైగా వెలుతురు కావాలి. బాపట్ల సూర్యలంక బీచ్‌లో మిట్టమధ్యాహ్నం దీనికి లోటు లేదు. కానీ దర్శకుడికి నచ్చేది తెల్లవారుజాము సముద్రం. ఆ మసక వెలుగులో 1000 ఫ్రేములు అడిగితే లెన్స్ పూర్తిగా తెరవాలి, అప్పుడు ఫోకస్ లోతు బాగా తగ్గిపోతుంది. మామూలు షాట్‌లో రెప్పపాటులో దాటిపోయే ఫోకస్ తప్పు ఇక్కడ అరనిమిషం పాటు ప్రేక్షకుడి ఎదుటే నిలబడుతుంది. కాబట్టి ప్రతి టేక్ తర్వాత బొమ్మను పెద్దది చేసి చూసుకోవాల్సిందే.

లోపల తీసేటప్పుడు ఇంకో చిక్కుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద వెలిగే దీపాల కాంతి సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది. కన్ను దాన్ని పట్టించుకోదు, కెమెరా పట్టించుకుంటుంది. 1000 ఫ్రేములతో తీసింది తెర మీద చూస్తే గది మొత్తం సెకనుకు రెండు మూడుసార్లు వెలిగి మసకబారుతుంది. ఐదు కిలోవాట్ల పెద్ద టంగ్‌స్టన్ లైట్లయితే ఫిలమెంట్‌లో వేడి నిలిచి ఉంటుంది కనుక ఈ బాధ తక్కువ. హెచ్ఎంఐ లైట్లకు వెలుగు కొట్టుకోకుండా చూసే హై స్పీడ్ బ్యాలస్ట్ ఉందో లేదో అద్దెకు తెచ్చేముందే అడగాలి. ఎల్ఈడీలను మాటమీద నమ్మకండి, తీసి చూడండి.

ఇక బటన్. ఫాంటమ్ తీస్తున్నదంతా మెమరీలో చుట్టూ తిరుగుతూ, పాతదాన్ని చెరిపి కొత్తది రాసుకుంటూ ఉంటుంది. 64 జీబీ మెమరీలో 4కె వెయ్యి ఫ్రేములు పట్టేది ఐదు సెకన్లే. అందుకే వల విసరకముందు కాదు, నీళ్ళలో పడ్డాక నొక్కాలి. అప్పుడు గడిచిపోయిన సెకన్లు చేతికొస్తాయి. కావలసిన ముక్క కత్తిరించి, దాన్ని శాశ్వతంగా దాచే మ్యాగజైన్‌లోకి సేవ్ చేసేదాకా కరెంటు పోకూడదు. పోతే షాట్ పోయినట్టే. బ్యాటరీ ఎంత ఉందో యూనిట్‌లో ఒకరు ఎప్పుడూ చూస్తూ ఉండాలి.

ఎంత వేగం కావాలన్నది యంత్రం చెప్పదు. వల విచ్చుకోవడానికి 240 ఫ్రేములు చాలు, పది సెకన్లు వస్తుంది. చుక్కలు విడిపోవడం కావాలంటేనే 1000. ఎద్దుల బండలాగుడు పోటీలో గిట్టల కింద లేచే దుమ్ముకు 200 దాటనక్కర్లేదని నా అభిప్రాయం. ఇంకా సాగదీస్తే ఎద్దు బలం కనపడదు, బద్ధకం కనపడుతుంది. తెనాలి శిల్పులు పాత ఇనుముతో విగ్రహాలు అతికేటప్పుడు ఎగిరే నిప్పురవ్వలకు మాత్రం 1000 ఫ్రేములు తగినవే. వాటి వెలుగు వాటికుంటుంది. నడిచొచ్చే హీరోకు ప్రతిసారీ ఇదే వాడడం ఆ నటుడి నడకకే అన్యాయం.

ఫాంటమ్ అద్దెకు తెచ్చుకునే స్తోమత అందరికీ ఉండదు. కానీ రేపల్లె, తెనాలి, బాపట్లలో పెళ్ళి వీడియోలు తీసే కుర్రాళ్ళ చేతుల్లో ఇప్పుడు 100, 120 ఫ్రేములు తీసే కెమెరాలున్నాయి. సూత్రం వాళ్ళకూ అదే. కల్యాణ మండపం లైట్ల కింద 120 ఫ్రేములతో తలంబ్రాలు తీస్తే బియ్యపు గింజలు గాలిలో అందంగానే తేలతాయి, వెనకాల వెలుగు మాత్రం కొట్టుకుంటూ ఉంటుంది. కెమెరాను మన 50 హెర్ట్జ్ కరెంటుకు సరిపోయే పాల్ సెట్టింగ్‌లో పెట్టి, 100 ఫ్రేములు, షట్టర్ సెకనులో 100వ వంతు ఎంచుకుంటే మామూలు దీపాల కింద ఆ బాధ పోతుంది. స్టేజీ డెకరేషన్ ఎల్ఈడీల సంగతి మాత్రం తీసి చూస్తేనే తెలుస్తుంది. ముహూర్తానికి ముందురోజు సాయంత్రమే మండపానికి వెళ్ళి, లైట్లన్నీ వేయించి, పది సెకన్లు తీసి చూసుకోండి.