తల్లిదండ్రుల క్విజ్ పోటీ: ఒక విమర్శ

హైస్కూలు విద్యార్థి ఒకరు, ఆ విద్యార్థి తల్లి గాని తండ్రి గాని ఒకరు, ఇద్దరూ ఒక జట్టుగా కూర్చుని విజ్ఞానశాస్త్ర ప్రశ్నలకు జవాబులు చెప్పే క్విజ్ పోటీని ఇటీవల ఒక విశ్వవిద్యాలయంవారు తమ ఆవరణలో జరిపారు. ప్రేక్షకులలో నేనూ ఒకడిని. ఆలోచన మెచ్చుకోదగినది. విశ్వవిద్యాలయపు గడప తొక్కడం అదే మొదటిసారి అయిన తల్లిదండ్రులు ఆనాడు చాలమంది వచ్చారు. ప్రశ్నలను తెలుగులో కూడా చదివించారు. ఇంతవరకు నిర్వాహకులను అభినందించవలసిందే. చిక్కంతా ప్రశ్నలతో వచ్చింది.

రామన్ ఫలితాన్ని ఏనాడు కనుగొన్నారని ఒక ప్రశ్న. 1928 ఫిబ్రవరి 28 అని ఒక బాలిక మీట నొక్కి చెప్పింది. పది మార్కులు. 1987 నుండి ఆ తేదీని జాతీయ విజ్ఞాన దినంగా జరుపుకుంటున్నాము గనుక అది తెలిసి ఉండడం మంచిదే. కాని ఆ ఫలితం ఏమిటని ఎవరూ అడగలేదు. కొంతసేపటికి, సముద్రం నీలంగా ఎందుకు కనిపిస్తుందన్న ప్రశ్నకు, "ఆకాశం ప్రతిబింబించడం వల్ల" అన్న జవాబును ఒప్పుకున్నారు! అది రేలీ చెప్పిన మాట. 1921లో ఓడ ప్రయాణం చేస్తూ రామన్ శంకించినది సరిగ్గా ఆ మాటనే. నీటి ఉపరితలం నుండి పరావర్తనం చెందే కాంతిని నికల్ పట్టకంతో అణచి చూసినా నీలిరంగు పోలేదు. నీటి అణువులే కాంతిని పరిక్షేపిస్తున్నాయని ఆయన వాదించారు. నీరు ఎరుపు కాంతిని ఎక్కువగా శోషించుకోవడం ప్రధాన కారణమని నేడు మనకు తెలుసు. ఒకే పోటీలో రామన్ తేదీకి పది మార్కులు, రామన్ కాదన్న జవాబుకు మరో పది!

నన్ను ఎక్కువగా బాధించింది మాత్రం ఇది కాదు. మట్టికుండలో నీరు ఎందుకు చల్లబడుతుందని అడిగారు. ప్రశ్న పూర్తికాకముందే ఒక కుర్రవాడు మీట నొక్కి, "బాష్పీభవనం" అన్నాడు. సరియైన జవాబే. పక్కనున్న తండ్రి, సేద్యం చేసుకునే మనిషి, మైకు దగ్గరకు వంగి, "పాత కుండలో నీళ్ళు అంతగా చల్లబడవండి" అని మొదలుపెట్టాడు. గంట మోగింది. "జవాబు వచ్చేసిందండి" అని ప్రశ్నకర్త తరువాతి ప్రశ్నకు పోయారు. హాలులో నవ్వులు. కుర్రవాడు తల వంచుకుని తండ్రి చెయ్యి లాగాడు. పోటీ ముగిసేవరకు ఆయన మళ్ళీ నోరు విప్పలేదు.

ఆయన చెప్పబోయినదేమిటో చూడండి. కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి ఊరి ఆవిరవుతుంది. 30 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కెలోరీల వేడి కావాలి. 10 గ్రాములు ఆవిరై, ఆ వేడి అంతా లోపలి నీటి నుండే వస్తే, లీటరు నీరు దాదాపు 6 డిగ్రీలు చల్లబడాలి. చుట్టూ ఉన్న గాలి నుండి కూడా వేడి వచ్చి చేరుతుంది గనుక అంత చల్లబడదు. వాడగా వాడగా నీటిలోని లవణాలు, మురికి ఆ రంధ్రాలను పూడ్చివేస్తాయి. ఊట తగ్గుతుంది, దానితో చల్లదనమూ తగ్గుతుంది. బహుమతుల తరువాత మెట్ల దగ్గర అడిగితే, అందుకే ఏటా వేసవికి కొత్త కుండ కొంటామని ఆయన చెప్పాడు. మే నెలలో రాయలసీమ వడగాలిలో చక్కగా పనిచేసే కుండ, సముద్రతీరాన ఉక్కపోసే రోజున ఎందుకు పనిచేయదు? స్టీలు బిందెకు తడిగుడ్డ చుడితే ఏమవుతుంది? వేదిక మీద ఇవన్నీ పుట్టవలసిన ప్రశ్నలు.

మీట సంగతి కూడా ఒకటి ఉన్నది. దీపం వెలగగానే వేలు కదపడానికే మనిషికి సెకండులో అయిదవ వంతు పడుతుంది. వయస్సుతో పాటు ఆ ఆలస్యం పెరుగుతుంది. ఎంత చదువుకున్న తండ్రి అయినా ఈ పందెంలో కొడుకుతో సమానం కాలేడు. తల్లిదండ్రులను పిలిచి, వారు ఓడిపోయే పందెమే పెట్టడం ఏమి న్యాయం?

జట్టుకు ఒక నిమిషం ఇచ్చి, ఇద్దరూ మాట్లాడుకున్న తరువాతనే జవాబు చెప్పమనవచ్చును. మార్కులు ఇద్దరి మాటలకూ వేయవచ్చును. ఆ హాలుకు కూతవేటు దూరంలోనే ప్రయోగశాల ఉన్నది. అక్కడినుండి ఒక త్రాసు, రెండు ఉష్ణమాపకాలు తెప్పించి, పాత కుండ ఒకటి, కొత్త కుండ ఒకటి వేదిక మీద పెడితే చాలు. హైస్కూళ్ళలో ఇటువంటి పోటీలు పెట్టదలచిన ఉపాధ్యాయులకు ఇంకా సులభం. కుండలను పిల్లలే ఇంటి నుండి తెస్తారు.