మణికట్టు పట్టీ: కొనదగినదేనా?

కవిటి మండలమున కొబ్బరితోటల నడుమనున్న ఒక యింటిని తలచుకొనుడు. కొడుకు దూరపు పట్టణములో ఉద్యోగము చేయుచున్నాడు. పండుగకు వచ్చుచు తండ్రి కొరకు మణికట్టుకు కట్టుకొను ఆరోగ్యపు పట్టీని తెచ్చినాడు. "నాన్నా, ఇది చేతికుంటే నీ ఆరోగ్యం ఎలా ఉందో నీకే తెలుస్తుంది" అని కట్టినాడు. మరునాటి సాయంకాలము దానిపై నాడి 72 అనియు, ప్రాణవాయువు 98 శాతమనియు, నడచిన అడుగులు 6,000 అనియు కనబడెను. తండ్రి సంతోషించెను. ఆ వారము చేయించుకొనవలసిన రక్తపరీక్షను మానుకొనెను. అంకెలన్నియు బాగుండగా పరీక్ష యెందుకని ఆయన తలంపు.

ఇది మేము కల్పించిన కథయే. కాని ఉద్దానములో ఏ యింటనైనను జరుగదగిన కథ. పట్టీ చూపిన మూడంకెలును నిజమే కావచ్చును. ఆయన చేసిన నిర్ణయము మాత్రము తప్పు. నిజమైన అంకెలనుండి తప్పు నిర్ణయము ఎట్లు పుట్టినది? ఈ ప్రశ్నకు జవాబు తెలిసినచో, పట్టీ కొనదగినదా కాదా అను ప్రశ్నకును జవాబు దొరకును.

పరికరములో ఏమున్నది?

ఫిట్‌నెస్ బ్యాండు, స్మార్ట్ వాచీ అను పేర్లతో బజారులో దొరకు ఈ పరికరములు పది పదునైదు విషయములను కొలుచునట్లు కనబడును. వానిలో పెక్కింటికి ఆధారములు రెండే: చేతి కదలిక, చర్మము క్రింద రక్తపు హెచ్చుతగ్గులు. తక్కినవి చాలవరకు ఈ రెండింటినుండి లెక్కకట్టి చెప్పునవి.

కదలికను పసిగట్టునది త్వరణమాపకము. బస్సు హఠాత్తుగా ఆగినప్పుడు మనము ముందునకు తూలుదుము. బయలుదేరినప్పుడు వెనుకకు ఒరుగుదుము. పట్టీలోని చిన్న సిలికాన్ ముక్కపై చెక్కిన అతి సూక్ష్మమైన బరువొకటి సన్నని సిలికాన్ తీగెలపై నిలిచి, చేయి ఊగినప్పుడెల్ల ఇట్లే తూలుచుండును. అప్పుడు దాని ప్రక్కనున్న పలకల మధ్య దూరము మారి, అవి విద్యుత్తును దాచుకొను శక్తియు మారును. ఆ మార్పును బట్టి మూడు దిక్కులలోని త్వరణము తెలియును. నడకలో త్వరణము ఒక క్రమమున లేచి పడుచుండును గనుక, ప్రతి లేపును ఒక అడుగుగా పరికరము ఎంచును.

నాడిని పట్టునది కాంతి. పట్టీ వెనుక మినుకుమినుకుమను ఆకుపచ్చని దీపములను మీరు చూచియే యుందురు. రక్తము ఆకుపచ్చ కాంతిని బాగుగా పీల్చుకొనును. గుండె కొట్టుకొనిన ప్రతిసారి చర్మములోని సన్నని నాళములలో రక్తము పెరిగి, తిరిగి వచ్చు కాంతి తగ్గును. మరుక్షణమే రక్తము తగ్గి కాంతి పెరుగును. ఈ ఎగుడుదిగుడులను లెక్కించినచో నాడి తెలియును. కాంతితో రక్తప్రవాహమును కనిపెట్టు ఈ పద్ధతిని 1937లోనే అమెరికా శాస్త్రజ్ఞుడు హెర్ట్జ్‌మన్ వివరించెను. సూత్రము పాతదే, దానిని గడియారమంత పెట్టెలో ఇమిడ్చుటయే క్రొత్త.

అడుగుల లెక్క

దినమునకు పదివేల అడుగులు నడువవలెనని పట్టీలు పట్టుపట్టును. ఈ పదివేలు ఎక్కడనుండి వచ్చినవి? 1964లో టోక్యో ఒలింపిక్ క్రీడలు జరిగినవి. మరుసటి సంవత్సరము, 1965లో, జపానులో నడుమునకు కట్టుకొను అడుగుల మాపకమొకటి అమ్మకమునకు వచ్చెను. దాని పేరు మాంపో-కెయి. అనగా పదివేల అడుగుల మాపకము. సరకు అమ్ముటకు పెట్టిన పేరు క్రమముగా ఆరోగ్యసూత్రమై కూర్చుండెను.

పరీక్షించి చూచిన లెక్క వేరు. అమెరికాలో సగటున 72 సంవత్సరముల వయస్సుగల 16,741 మంది స్త్రీలను పరిశీలించి, 2019లో ఫలితములను ప్రచురించిరి. దినమునకు సుమారు 2,700 అడుగులు నడచువారికంటె 4,400 అడుగులు నడచువారిలో మరణములు స్పష్టముగా తక్కువ. 7,500 వరకు మేలు పెరిగెను. అటుపిమ్మట ఇంచుమించు నిలిచిపోయెను. కావున పదివేలు చేరలేదని పట్టీ మొరపెట్టినను దిగులుపడనక్కరలేదు.

ఇక లెక్క ఎంత సరియైనది? బాటపై చేతులూపుచు నడచువానికి సాధారణముగా బాగుగానే వచ్చును. ఉద్దానపు పనులలో ఆ లెక్క తడబడును. నెత్తిమీది బిందెను చేతితో పట్టుకొని నడచు స్త్రీ చేయి ఊగదు. ఆమె అడుగులు కొన్ని తప్పిపోవచ్చును. పలాస, కాశీబుగ్గలలో జీడిపిక్కలు వలచు స్త్రీ కదలకుండ కూర్చుండి దినమంతయు చేతులాడించును. ఆ ఊపులు కొన్ని అడుగులుగా చేరవచ్చును. సైకిలుపై బడికి వచ్చు విద్యార్థి చేతులు హ్యాండిలుపై నిలకడగా నుండును. కొబ్బరిచెట్టెక్కువాని గుండె దడదడ కొట్టుకొనుచుండగా అడుగుల లెక్క మాత్రము పెద్దగా కదలదు. ఈ పరికరము బల్లయొద్ద కూర్చుండి పనిచేసి సాయంకాలము వ్యాహ్యాళికి పోవు పట్టణవాసిని మనసులో పెట్టుకొని చేసినది. తోటపని చేసి అలసిన మనిషికి "ఇంకను నడువుము" అని చెప్పుట దాని తెలియనితనమే.

నాడి, కెలొరీలు, ప్రాణవాయువు

2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు ఏడు రకముల పరికరములను 60 మందికి కట్టి, నడిపించి, పరుగెత్తించి, సైకిలు తొక్కించి, వైద్యశాల యంత్రములతో పోల్చి చూచిరి. ఏడింటిలో ఆరు, నాడిని 5 శాతములోపు దోషముతో చెప్పినవి. ఇది మెచ్చదగిన ఫలితము. కాని ఖర్చయిన కెలొరీలను చెప్పుటలో ఒక్కటియు నెగ్గలేదు. అన్నింటికంటె మంచిదానిలో సగటు దోషము 27 శాతము. అన్నింటికంటె చెడ్డదానిలో 93 శాతము. ఒకే పరికరము ఒక అంకెను సరిగాను మరియొకదానిని తప్పుగాను చెప్పుచున్నది. నాడి కొలిచినది, కెలొరీ ఊహించినది. తెరమీద మాత్రము రెండును ఒకే అక్షరములలో, ఒకే ధీమాతో కనబడును. మా మొదటి ఆక్షేపణ ఇదియే.

ప్రాణవాయువు సంగతియు జాగ్రత్తగా చూడవలసినదే. వ్రేలికి తగిలించు ఆసుపత్రి యంత్రములు సైతము చర్మపు రంగువలన పొరబడునని 2020లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశీలన తెలిపెను. ప్రాణవాయువు తగ్గినను యంత్రము బాగున్నదని చూపుట తెల్లవారిలోకంటె నల్లజాతి రోగులలో సుమారు మూడు రెట్లు ఎక్కువగా జరిగెను. ఎండలో పనిచేయు మన చేతులకు పట్టీ కట్టునప్పుడు ఈ సంగతి మరువరాదు.

కొన్ని వాచీలు రక్తపోటును కూడ చెప్పుచున్నవి. వానిలో పెక్కింటిని ముందుగా దండచేతికి కట్టు రక్తపోటు యంత్రముతో సరిచూచి, మరల మరల సరిచూచుకొనుచుండవలెను. ఆ యంత్రమే ఇంటనున్నచో వాచీతో పనియేమి? సూది గుచ్చకుండ రక్తములోని చక్కెరను కొలుతుమను వాచీలను, ఉంగరములను నమ్మవద్దని అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో ప్రజలను హెచ్చరించెను. అట్టి పరికరము నొక్కదానికిని తాను అనుమతి నీయలేదని స్పష్టపరచెను.

పట్టీ మనిషిని నడిపించునా?

కొలత ఎట్లున్నను, చేతికి కట్టుకొనినచో శ్రద్ధ పెరుగదా అని కొందరందురు. ఇందులో కొంత నిజము కలదు. అనేక పరిశోధనలను గుదిగుచ్చి 2022లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారము, పట్టీలు కట్టుకొనినవారు దినమునకు సుమారు 1,800 అడుగులు అధికముగా నడచిరి. బరువు సుమారు ఒక కిలో తగ్గిరి. కూర్చుండి పనిచేయువారికి ఇది తీసివేయదగిన లాభము కాదు.

మరియొక ప్రక్కను చూడుడు. అమెరికాలో బరువు తగ్గగోరు 471 మంది యువజనులను రెండు తెగలుగా చేసి రెండు సంవత్సరములు గమనించి, 2016లో ఫలితము ప్రకటించిరి. పట్టీ ఇచ్చిన తెగవారు సగటున 3.5 కిలోలు తగ్గగా, పట్టీ లేక తమ ఆహారమును, వ్యాయామమును తామే వ్రాసికొనినవారు 5.9 కిలోలు తగ్గిరి. కావున పట్టీవలన నడక పెరుగవచ్చును. దానివలననే ఆరోగ్యము కుదుటబడునని చెప్పుటకు వీలులేదు.

ఉద్దానమునకు కావలసిన అంకె

ఇప్పుడు కవిటిలోని తండ్రి యొద్దకు మరలి వత్తము. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలోని ప్రజలను పట్టి పీడించుచున్నది మూత్రపిండముల వ్యాధి. ఉద్దానములో 2,210 మందిని పరీక్షించి 2019లో ప్రచురించిన నివేదికలో సుమారు 18 శాతము మందికి ఈ వ్యాధి కనబడెను. వారిలో ఎక్కువమందికి మధుమేహము వంటి తెలిసిన కారణములు లేవు. నీరు, ఎండవేడిమి, పురుగుమందులు మొదలగువానిపై అనుమానములున్నను, ఇదియే కారణమని ఇంతవరకు రుజువు కాలేదు. శ్రీలంకలోను, మధ్య అమెరికా చెరకుతోటలలోను ఇట్టి వ్యాధియే వ్యవసాయ కూలీలను బాధించుచున్నది.

ఈ వ్యాధి మొదట చప్పుడు చేయదు. నొప్పి యుండదు, వాపు కనబడదు. నాడి 72 గానే యుండును. ప్రాణవాయువు 98 గానే యుండును. దానిని బయటపెట్టునది రక్తములోని క్రియాటినిన్ పరీక్ష. కండరముల పనిలో పుట్టు ఈ వ్యర్థపదార్థమును మూత్రపిండములు వడగట్టి బయటకు పంపును. వడపోత మందగించినచో అది రక్తములో నిలువయగును. క్రియాటినిన్, వయస్సు, స్త్రీపురుష భేదము తెలిసినచో మూత్రపిండములు నిమిషమునకు ఎంత వడగట్టుచున్నవో వైద్యులు లెక్కకట్టుదురు. అది 60 మిల్లీలీటర్లకు తగ్గి మూడు నెలలు అట్లే యున్నచో దీర్ఘవ్యాధిగా ఎంచుదురు. మూత్రములో అల్బుమిన్ పరీక్షయు అవసరమే. కాని ఈ తరహా వ్యాధిలో అది అంతగా పెరుగకపోవచ్చును గనుక, మూత్రపరీక్ష ఒక్కటే చాలదు.

క్రియాటినిన్‌ను చెప్పగల మణికట్టు పట్టీ బజారులో లేదు. మూత్రపిండముల క్షేమమును పట్టీలో వెదకుట, దూడగడ్డి కొరకు తాటిచెట్టెక్కుట వంటిది. పట్టీ అబద్ధమాడలేదు. అడుగని ప్రశ్నకు సరియైన జవాబు చెప్పినది. దానిని తన ప్రశ్నకు జవాబుగా తండ్రి పొరబడినాడు. మా రెండవ ఆక్షేపణ, మొదటిదానికంటె పెద్దది, ఇదియే.

కొనవలెనా?

కొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. నాకు తెలియవలసిన అంకె ఏది? ఈ పరికరము దానిని కొలుచునా, ఊహించునా, అసలు ముట్టుకొనదా? ఆ అంకె చూచిన పిమ్మట నేను చేయబోవు పని యేమి?

దినమంతయు కూర్చుండి పనిచేయుచు, నడకను అలవాటు చేసికొనగోరు ఉపాధ్యాయునికి చవుకరకపు పట్టీ పనికివచ్చును, ఖరీదైనది అక్కరలేదు. తోటలోను, వేటపడవపైనను చెమటోడ్చు మనిషికి దానివలన లాభము స్వల్పము. ఇంట మూత్రపిండముల భయమున్నచో ఆ డబ్బుతో మొదట రక్తపరీక్ష చేయించవలెను. మిగిలినదానితో దండచేతికి కట్టు రక్తపోటు యంత్రమును కొనవలెను. చవుకరకపు పట్టీకగు ఖర్చుతోనే అట్టి యంత్రము దొరకును. అధికమైన రక్తపోటు మూత్రపిండములను మరింత చెరచును గనుక ఆ అంకె ఇంట ఉపయోగపడును. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రముతో కూడిన 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యెను. వైద్యుని సలహా లేక నొప్పిబిళ్ళలు మ్రింగకుండుట ఏ పట్టీయు చేయలేని మేలు చేయును.

తరగతిలో ఒక ప్రయోగము

పాఠశాలలో ఎవరియొద్దనైనను పట్టీ యున్నచో ఉపాధ్యాయులు ఈ ప్రయోగము చేయించవచ్చును. ఒక విద్యార్థి పట్టీ కట్టుకొని, నోటితో లెక్కించుచు సరిగా 100 అడుగులు నడువవలెను. తరువాత తలపై పుస్తకముల కట్టను చేతితో పట్టుకొని మరల 100 నడువవలెను. మూడవసారి కూర్చుండి, జీడిపిక్కలు వలచునట్లు రెండు నిమిషములు చేతులాడింపవలెను. ప్రతిసారి పట్టీ చూపిన లెక్కను పట్టికలో వ్రాయవలెను. 100 అడుగులకు పట్టీ 92 చూపినచో దోషము 8 శాతము. పిమ్మట మణికట్టువద్ద నాడిని వ్రేళ్ళతో 30 సెకండ్లు లెక్కించి, రెండుతో గుణించి, పట్టీ చెప్పినదానితో పోల్చవలెను.

పట్టిక చివర మరియొక గడి గీయింపుడు. పట్టీ తెరపై కనబడు అంకెలన్నిటిని విద్యార్థులు అందులో వ్రాసి, ప్రతిదాని ఎదుట "కొలిచినది" అనియో "ఊహించినది" అనియో గుర్తింపవలెను. ఆ గడిలో క్రియాటినిన్ లేదని వారు తామే కనుగొందురు. ఆ సాయంకాలము ఇంటికిపోయి, తండ్రి రక్తపరీక్ష ఎప్పుడు చేయించుకొనెనని అడిగినచో ఈ పాఠము ఫలించినట్లే.