అతిథేయి కణ ప్రోటీన్లే లక్ష్యంగా వైరస్ క్యాన్సర్ల చికిత్స: విమర్శనాత్మక పరిశీలన

వైరస్‌కు సొంత జీవక్రియ లేదని ఇంతకుముందు తెలుసుకొన్నారు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి చదువుకొనేవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. గదిలో సొంత పొయ్యి ఉండదు. అందరికీ హాస్టల్ వంటగదే ఆధారం. వైరస్ కూడా అతిథేయి కణంలోని ప్రోటీన్లతోనే తన పని జరుపుకొంటుంది. కాబట్టి వైరస్‌ను కాక, అది వాడుకొనే కణ ప్రోటీన్లను అడ్డుకోవాలన్నది ఒక వాదన. అయితే వంటగది మూసేస్తే పస్తులుండేది ఒక్కరేనా? ఈ ప్రశ్నతోనే ఆ వాదనను పరిశీలిద్దాం.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఉదాహరణగా తీసుకొందాం. దాదాపు అన్ని కేసులకూ హ్యూమన్ పాపిల్లోమా వైరస్, అంటే హెచ్‌పీవీ, కారణం. ఈ సంబంధాన్ని కనుగొన్న హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది. ఈ వైరస్ తయారుచేసే ఇ6 ప్రోటీన్, కణంలోని ఇ6ఎపి అనే ఎంజైమ్‌తో కలిసి పి53 ప్రోటీన్‌కు యుబిక్విటిన్ గుర్తు వేయిస్తుంది. గుర్తు పడిన పి53ను ప్రోటియాసోమ్ ముక్కలు చేస్తుంది. డీఎన్ఏ దెబ్బతిన్న కణం విభజన చెందకుండా ఆపేది పి53. ఆ కాపలా పోవడంతో క్యాన్సర్‌కు దారి ఏర్పడుతుంది.

వాదనకు ప్రధాన బలం ఇది: వైరస్ ప్రోటీన్లు ఉత్పరివర్తనాలతో మారిపోతాయి, అతిథేయి ప్రోటీన్లు అంత త్వరగా మారవు; కనుక మందుకు నిరోధకత తక్కువ. ఆర్ఎన్ఏ వైరస్‌ల విషయంలో ఇది చాలావరకు నిజమే. కాని హెచ్‌పీవీ నెమ్మదిగా మారే డీఎన్ఏ వైరస్. పైగా క్యాన్సర్‌లో అతిథేయి కణమే ఉత్పరివర్తనం చెందుతుంది. అంటే ఈ వాదన స్థిరమని నమ్ముకొన్నదే ఇక్కడ అస్థిరం.

రెండో లోపం ఇంకా తీవ్రమైనది. ఇ6ఎపి ఆరోగ్యకరమైన కణాలకూ అవసరం. తల్లి నుంచి వచ్చిన దాని జన్యువు పనిచేయకపోతే, నాడీవ్యవస్థను దెబ్బతీసే ఏంజెల్‌మన్ సిండ్రోమ్ వస్తుంది. ప్రోటియాసోమ్‌ను అడ్డుకొనే బోర్టెజోమిబ్ మల్టిపుల్ మైలోమా రోగులకు మేలు చేస్తున్నా, చాలామందిలో నరాలను దెబ్బతీస్తుంది.

అలాగని ఈ మార్గాన్ని పూర్తిగా తోసిపుచ్చలేం. పెంబ్రోలిజుమాబ్ అడ్డుకొనే పీడీ-1 కూడా మన ప్రోటీనే. టి కణాలకు బ్రేకులా పనిచేసే ఈ ప్రోటీన్‌ను ఆపితే, అవి మళ్లీ క్యాన్సర్ కణాలపై దాడి చేయగలవు. ముదిరిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో కొందరికి దీన్ని వాడేందుకు 2018లో అమెరికాలో అనుమతి లభించింది. ఇక్కడా రోగనిరోధక వ్యవస్థ సొంత అవయవాలపై తిరగబడే ప్రమాదం ఉంది, ధరా ఎక్కువే.

కాబట్టి లక్ష్యం వైరస్‌దా, కణానిదా అన్నది అసలు గీటురాయి కాదు. ఆ ప్రోటీన్ అవసరం ఆరోగ్యకరమైన కణంకంటే క్యాన్సర్ కణానికి ఎంత ఎక్కువ అన్నదే గీటురాయి.

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగి, రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లే తల్లికి కావలసింది తన మంచి కణాలను మిగిల్చే మందు. ఆమె కూతురికి కావలసింది మాత్రం అంతకు ముందే అందవలసిన హెచ్‌పీవీ టీకా, తర్వాత సకాలంలో స్క్రీనింగ్. ఎంత గొప్ప చికిత్సా వీటికి ప్రత్యామ్నాయం కాదు.

అభ్యాసం: ఇ6ఎపిని పూర్తిగా ఆపకుండా, ఇ6 దానితో కలిసే చోటును మాత్రమే మూసే మందు పైన చెప్పిన రెండు లోపాల్లో దేన్ని తగ్గిస్తుంది? కారణాలతో రాయండి.