ముందు లిథియం, ఆ తర్వాతే మెథైల్‌ఫెనిడేట్

బైపోలార్ డిజార్డర్‌లో ఉత్తేజక మందుల వాడకం పైకి విడ్డూరంగా తోస్తుంది. నిద్ర లేకపోయినా అలసట తెలియని, మాట ఆగని, చేతిలో డబ్బు నిలవని మేనియా దశ ఉన్న జబ్బు ఇది. అయినా చాలామంది రోగులు మేనియాలో కంటే కుంగుబాటులోనే ఎక్కువ కాలం గడుపుతారు. అది తగ్గాక కూడా నిద్రమత్తు, ఏకాగ్రత లోపం నెలల తరబడి వదలవు. కొందరికి ఏకాగ్రతను దెబ్బతీసే ఏడీహెచ్‌డీ అనే రుగ్మత కూడా తోడవుతుంది. ఇంట్లోవాళ్లు ఈ మందకొడితనాన్ని బద్ధకమని తిట్టడం అన్యాయం. మెథైల్‌ఫెనిడేట్, మొడాఫినిల్ వంటి ఉత్తేజక మందులు డాక్టర్ల ఆలోచనలోకి వచ్చేది ఇక్కడే.

మెథైల్‌ఫెనిడేట్ మెదడులో డోపమిన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాల ప్రభావాన్ని పెంచుతుంది. మందకొడితనాన్ని పోగొట్టేది అదే, కుదుటపడని మనిషిని మేనియాలోకి నెట్టగలిగేదీ అదే. అందుకే ఏ మందు ముందు అన్నది కీలకం. స్వీడన్ ఆరోగ్య రికార్డులపై 2017లో వెలువడిన అధ్యయనం ఈ సంగతిని స్పష్టంగా చూపింది. అందులో మెథైల్‌ఫెనిడేట్ మొదలుపెట్టిన 2,307 మంది బైపోలార్ రోగులున్నారు. లిథియం, వాల్‌ప్రోయేట్ వంటి మూడ్ స్టెబిలైజర్ (మానసిక స్థితిని నిలకడగా ఉంచే మందు) లేకుండా ఆ మాత్ర వేసుకున్నవారిలో తొలి మూడు నెలల్లో మేనియా ముప్పు దాదాపు 6.7 రెట్లయింది. స్టెబిలైజర్ తీసుకుంటున్నవారిలో పెరగలేదు సరికదా, తగ్గింది. ఇది ప్రయోగం కాదు, రికార్డుల పరిశీలనే. కానీ ఒక్కొక్కరి పరిస్థితిని వారే మందు వాడని కాలంతో పోల్చి చూశారు కాబట్టి తేలిగ్గా తీసిపారేయలేం. మేనియా ముదిరి ఉన్నప్పుడు మెథైల్‌ఫెనిడేట్ ఇచ్చి చూసిన చిన్న ప్రయోగంలో మాత్రం మేలేమీ కనబడలేదు.

కుంగుబాటు విషయంలో మొడాఫినిల్‌కు కొంత ఆధారం ఉంది. 2007 నాటి ఆరు వారాల ప్రయోగంలో, మామూలు మందులకు దీన్ని జోడించినప్పుడు 44 శాతం మందిలో చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించింది; ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో ఇది 23 శాతం. దాని దగ్గరి బంధువు ఆర్మొడాఫినిల్‌పై ఆ తర్వాత జరిగిన ప్రయోగాల ఫలితాలు ఒకే తీరుగా లేవు.

మహిళలకు తప్పక చెప్పాల్సిన విషయం ఒకటుంది. మొడాఫినిల్ గర్భనిరోధక మాత్రల బలాన్ని తగ్గిస్తుంది. వాల్‌ప్రోయేట్ కడుపులోని బిడ్డకు హానికరం. ఈ రెండూ ఒకే చీటీలో ఉన్నప్పుడు డాక్టర్ ఆ మాట ఎత్తకపోతే రోగే అడగాలి.

మన దేశంలో మెథైల్‌ఫెనిడేట్ మాదకద్రవ్యాలను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం పరిధిలోకి వస్తుంది, చీటీ లేకుండా అమ్మకూడదు. మందు మొదలయ్యాక బీపీ, గుండె వేగం, ఆకలి, అన్నిటికంటే ముఖ్యంగా నిద్ర గమనించాలి. నిద్ర తగ్గినా హుషారు తగ్గకపోతే అది మేనియాకు తొలి సూచన కావచ్చు, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పాలి. అప్పుడు సాధారణంగా ముందు ఆపేది ఉత్తేజక మందునే, లిథియంను కాదు.